రెండో నంబరు కౌంటరు

నోట్లు లెక్కపెడుతుంటే తుమ్మొచ్చిందంటే
ఆ పిల్ల తల్లిది మిరపయార్డులో పని.
మూడేళ్ల అనుభవం నాది,
దరఖాస్తు చూడక్కర్లేదు.

ఇవాళ వచ్చినామె మస్తానమ్మ.
చుట్టుగుంటలో ఎక్కి రెండు ఆటోలు మారి వచ్చింది.
గాజుపలకకి కోసిన అరచంద్రపు కంతలోంచి
చెయ్యి లోపలికి పెట్టింది.
ముచ్చికలు తీసీ తీసీ
వేలిముద్రల మిషను కూడా పోల్చుకోలేనంత
నున్నబడ్డ వేళ్లు.

"పద్దెనిమిది వేలుందమ్మా.
మిగతాది గవర్నమెంటోళ్లు ఏస్తారంట గదా."

వేస్తారు.
ఎప్పుడన్నది మాత్రం నా కంప్యూటర్లో ఉండదు.
నాలుగు క్వార్టర్లుగా తెర మీద
పెండింగ్ అన్న మాట ఎర్రగా ఎండుతోంది.
"ముందు మీరు కట్టెయ్యండి,
అది పడ్డాక వెనక్కిస్తాం."
ఈ వాక్యం ఎన్నిసార్లు అన్నానో
ఇప్పుడు నేను నోరు తెరవకముందే
అదే బయటికొచ్చి నిలబడుతుంది.

కూతురు పక్కనే ఉంది, బ్యాగు ముందుకి వేసుకుని.
పేరు తేజశ్రీ.
"తేజ రకానికి రేటెక్కువని పెట్టుకున్నా,"
నవ్వింది మస్తానమ్మ.
హాల్‌టికెట్టుకి ఎల్లుండే ఆఖరు.

"అదుగో, గేటు కాడ బోర్డు మీద పిల్లలున్నారే,
ఆళ్లకెంతంటమ్మా?
మా పిల్లకీ అంత వచ్చిద్దా?"

ఆ బోర్డు నాకు చూడకుండానే తెలుసు.
కింది నుంచి మూడో వరస, ఎడమ పక్క
నీలం చున్నీ, స్టూడియోవాడు తెల్లబరిచిన ముఖం,
మెడ కింద మూడు లక్షల అరవై వేలు.
ఎండకి ముఖం వెలిసిపోయింది గానీ
అంకె వెలవలేదు.

అది నేనే.

ఆఫర్ లెటరొచ్చింది. చేరే తేదీ రాలేదు.
పదకొండు నెలలకి ఒక మెయిల్,
చివర నా ఉజ్వల భవిష్యత్తుకి శుభాకాంక్షలు.
సర్టిఫికెట్లు తీసుకుపోదామని వస్తే
నలభైరెండు వేలు బాకీ అన్నారు.
కరస్పాండెంటుగారు మంచి మనిషి,
"ఇక్కడే పని చేసి తీర్చుకోమ్మా" అన్నారు.

జీతం పన్నెండున్నర.
ఒకటో తారీఖున అందులోంచి రెండు వేలు తీసి
ఈ కంతకి అటువైపు వెళ్లి నిలబడకుండానే
ఇటువైపే కట్టేస్తాను.
చెల్లించినవారి పేరు రాసి
పుచ్చుకున్నవారి దగ్గర సంతకం పెడతాను.
రెండు చోట్లా ఒకటే చేతిరాత.

మస్తానమ్మ ఇంకా చూస్తోంది.
సగటు, శాతం అని మొదలుపెట్టి ఆగిపోయాను.
ఆ మాటలు బ్రోచరువి.
"బోర్డు మీద ముప్ఫైమందమ్మా,
ఆ ఏడు పాసై పోయింది నాలుగొందల మంది"
అని మాత్రం అన్నాను.

ఆమెకి అర్థమవడానికి అరక్షణం పట్టలేదు.
"ఓ, అదా.
టిక్కీ మూతి కాడ మంచికాయ పరిచి
కింద తాలు నింపినట్టు."

ఆమె కోపంగా అనలేదు,
యార్డులో తెల్లారితే చూసే సంగతేనన్నట్టు అంది.
"అయినా కొనకుండా పోతామా తల్లీ,
ఇంతదూరం వచ్చినాక" అంటూ
రవికలోంచి ఇంకో చిన్న మడత తీసింది.
యాభైలు, ఇరవైలు.
నేను మళ్లీ తుమ్మాను.

మొత్తం లెక్కకి మూడొందల నలభై తగ్గింది.
ఎలా సర్దానో ఇక్కడ రాయను,
సాయంత్రం క్యాష్ టాలీ అయింది, అంతే.

రసీదు చింపి ఇస్తుంటే
తేజశ్రీ దాన్ని అందుకోలేదు.
నా ముఖం వైపు, కిటికీ బయటికి,
మళ్లీ నా ముఖం వైపు చూసింది.
పోల్చుకుందని తెలిసి
స్టాప్లర్ కోసం డెస్కు కింద వెతికాను.

వాళ్లమ్మ మంచినీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లాక
కంత దగ్గరికి వంగి
గొంతు తగ్గించి అడిగింది:
"అక్కా, సాయంత్రాలు
ఈ కౌంటర్లో ఇంకో మనిషి కావాలా?"