పంతొమ్మిది అడుగులు

హౌసింగాఫీసు నుంచి కార్పొరేషనుకి
నా సైకిలు మీద పదకొండు నిమిషాలు.
ట్రంకురోడ్డులో బస్సు అడ్డం తిరిగితే పద్నాలుగు.
అదే దారి, కాగితానికైతే
ఒక్కోసారి ఒక వానాకాలం పడుతుంది.

నేను పెంచలయ్యని. తపాలు మోసేవాణ్ణి.
చంకలో డెలివరీ పుస్తకం.
ఎడమ పక్క ఇచ్చినోళ్లు, కుడి పక్క పుచ్చుకున్నోళ్లు,
నడిమిన నా చెమట మరక.

పెన్న అవతల
నాలుగంతస్తుల బ్లాకులు లేచి నిలబడ్డాయి.
రంగులేశారు, నంబర్లేశారు,
తాళంచెవులు తీగకి గుచ్చి
మా బీరువాలో తగిలించారు.
నీళ్లు రాలా.

మావోళ్లు రాశారు:
"ప్రహరీ వరకు పైపు వేసియున్నాము.
తదుపరి బాధ్యత తమది."
వాళ్లు రాశారు:
"రోడ్డు అంచు వరకు మెయిను తెచ్చియున్నాము.
తదుపరి బాధ్యత తమది."
రెండూ నేనే మోశా.
రెంటిలోనూ అబద్ధం లేదు.
ఒక ఆదివారం పోయి, పాదం ముందు పాదం పెట్టి కొలిచా.
ప్రహరీకీ రోడ్డుకీ నడిమిన పంతొమ్మిది అడుగులు.
సర్కారు తుమ్మ, ఒక బర్రె,
బర్రె పొర్లే గుంట.
ఆ గుంటలో మాత్రం నీళ్లుండాయి.

సోమవారం సోమవారం మస్తానమ్మ వచ్చేది.
మూలాపేటలో అద్దె గది, దాని ముందర ఇడ్లీ బండి.
అలాట్‌మెంటు కాగితం కవర్లో, కవరు సంచిలో,
సంచి కొంగు కింద.
"అబ్బయా, ఏడో బ్లాకు. యాడిదాకా వచ్చిందంట?"
"రోడ్డు దాకా వచ్చిందమ్మా."
"పోయినేడూ అదే చెప్తివే."
"పోయినేడూ నిజమే చెప్పా."

పెద్దోళ్లు ఒకసారి కమిటీ అని కూర్చున్నారు.
రోడ్డెవరిది, కాలవెవరిది,
ఇంటిపన్ను యాడికి పోవాల,
వీధి దీపం వెలిగితే బిల్లు యాడికి రావాల...
మెత్తమెత్తగా మాట్లాడుకున్నారు,
పంపకాలప్పుడు అన్నదమ్ములు
ముసలెద్దు ఊసెత్తకుండా మాట్లాడుకున్నట్టు.
టీలు నేనే ఇచ్చా.
మినిట్సు రాశారు.
అవి మోసిందీ నేనే.

ఇప్పుడు జరిగింది చెప్తా. యాడా రాసి లేదు గాబట్టి చెప్తా.

వాల్వులు తిప్పే జిలానీ కార్పొరేషనోడు.
వర్కు ఇన్‌స్పెక్టరు ప్రభుదాసు మావోడు.
ఇద్దరికీ టీ ఒకే బంకులో, అప్పు ఒకే పుస్తకంలో.
గ్లాసు కింద పెడుతూ ప్రభుదాసు అన్నాడు,
"కనెక్షనుకి ఆర్డరు కావాల గానీ
ట్రయలుకి అక్కర్లా గదా?"
జిలానీ కాసేపు మీసం గీరుకున్నాడు.
"ట్రయలా? అది నా డ్యూటీనే."

ఆ రాత్రి యాడో మిగిలిపోయిన పైపులు నాలుగొచ్చాయి.
ఎవరి స్టోరు నుంచో అడగబాకండి.
గడ్డపార ఒక ఆఫీసుది, రెంచి ఇంకో ఆఫీసుది.
నేను బర్రెని పక్కకి తోలా, అంతే.
తెల్లారుజామున ఏడో బ్లాకులో ఒక కుళాయి
ముందు దగ్గింది,
తుప్పు కక్కింది,
ఆనక నీళ్లు.

మూడేళ్లయింది. ట్రయలు నడస్తానే ఉండాది.
పిల్లోళ్లు ఆ నీళ్లు తాగి బళ్లోకి పోతుండారు.
బట్టలారేశారు, రెండు పెళ్లిళ్లు చేశారు,
మూడో అంతస్తులో ఎవరో బెండ మొక్కలేశారు.

పోయిన రొట్టెల పండగకి చెరువులో
మస్తానమ్మ మోకాటి లోతు నీళ్లలో నిలబడి
"ఇంటి రొట్టె! ఇంటి రొట్టె!" అని కేకేస్తా ఉంటే
తొమ్మిదో బ్లాకు వాళ్లు ఎగబడ్డారు.
వాళ్లకింకా తాళాలియ్యలా.
నేను పక్కనుంచి నసిగా,
"అమ్మా, కాగితాల్లో నీది ఇంకా ట్రయలే."
"ఐతే నీకొద్దులే," అనింది,
అంటానే ఒక ముక్క తుంచి
నా చేతిలో పెట్టింది.

సోమవారం మళ్లీ ఒక కవరు.
"ట్రయలు ఎంతవరకు వచ్చినదో తెలుపగోరుచున్నాము."
గాలి చూసుకుని సైకిలెక్కా.