పదిహేడో వరుస

ఎర్రమంజిల్‌లో, మూడో అంతస్తులో
మెట్రో వెళ్ళిన ప్రతిసారీ
నా బల్ల మీది గుండుసూదులు వణుకుతాయి.

తెర మీద నలభై రెండు వరుసలు:
బీదర్‌కీ, నాందేడ్‌కీ, రాయచూర్‌కీ
గట్టు దాటాల్సిన రోడ్లూ పట్టాలూ.
ఒక్కోదాని పక్కన ఖర్చు, రాబడి, మార్కులు.
డబ్బు ఆరింటికే ఉంది.

పదిహేడు: మంజీర మీద వంతెన,
అవతల రెండున్నర కిలోమీటర్ల తారు.
రోజుకు వెళ్ళే బండ్లు పదకొండు.
అంతే, కిందికి జారిపోయింది.

పోయిన నెల సర్వేకి నేనే వెళ్ళాను.
అల్లం బస్తా మీద కూర్చున్న గుండప్ప
నా ఫారం వంక చూసి నవ్వాడు.
"తొవ్వ లేని కాడ బండ్లు లెక్కవెడ్తవా బిడ్డా?
ఆగిపోయినోళ్ళను లెక్కవెట్టు."

ఆ లెక్కకు గడి లేదు.
బస్తాల్లోనే మొలకెత్తిన అల్లానికీ,
ఎదురుగా కనబడే ఆసుపత్రికి
డెబ్బై కిలోమీటర్లు చుట్టి వెళ్ళి
దారిలోనే అయిన పురుడుకీ.

మా పటంలో గీత ఏటి మధ్య ఆగుతుంది.
వాళ్ళ పటంలోనూ అక్కడే.
మధ్యలో మిగిలిన జానెడు నీటిని
ఇద్దరం 'అవతలివారి వాటా' అని రాసుకున్నాం.

జాబితా పంపావా అని
కృపావతి మేడమ్ రెండుసార్లు అడిగారు.
ఒక గడి చేర్చాను: వెళ్ళలేకపోయినవారు.
ఏం నింపాలో తెలియక
వేళ్ళు మీటల మీదే ఉంచి కూర్చున్నాను.

గుండుసూదులు వణికాయి.
కిటికీలోంచి, తలుపులకు ఆనుకుని నిలబడ్డ జనం.
ఆ స్తంభాలు లేవకముందు
ఈ గాలిలో రోజుకు ఎందరు వెళ్ళేవారని
ఎవరు, ఏ గడిలో రాశారో.