ఆరువందల కిలోలు

రీగాలో మా సిబ్బంది గది గోడమీద
ఇదివరకు ఒక గడియారం ఉండేది.
ఇప్పుడు అక్కడ పట్టిక వేలాడుతోంది:
ఏ కెప్టెన్ ఎంత ఇంధనం మిగిల్చారో
నెలనెలా, వరసపెట్టి.
పైనున్నవాళ్లు పచ్చరంగు. అడుగునున్నవాళ్లు ఎరుపు.
అట్టడుగున ఎప్పుడూ ఒకటే పేరు,
స్కైద్రీతె గ్రౌడిన్య.

కాఫీ యంత్రం పోయినేడే పోయింది.
సిమ్యులేటర్లో నాలుగు గంటలు మూడయ్యాయి,
మూడు రెండున్నరయ్యాయి,
దానికి ఆధునికీకరణ అని పేరు పెట్టారు.
ఈ కుడివైపు సీటులో కూర్చోడానికి నేను
ముప్ఫై రెండు వేల యూరోలు అప్పు చేశాను.
నడిపినందుకు నాకొచ్చేదానికంటే
నడపడం నేర్చినందుకు నేను కట్టేదే ఎక్కువ.
భుజంమీది పట్టీలు చూసి
ట్రాములో ముసలమ్మలు చోటిస్తారు. కూర్చుంటాను.

నవంబరు. అబర్దీన్ నుంచి రాత్రి వెనక్కి.
సంతకానికి ముందు ఆవిడ
కాగితంమీది అంకె కొట్టేసి
పక్కన చేత్తో రాసింది: ఇంకో ఆరువందల కిలోలు.
కారణం రాయాల్సిన గడిలో
"వాసన" అని రాసింది.
నేను నవ్వాను.
"పొద్దున రీగాలో రన్‌వే పక్క గడ్డి
తడిబట్ట వాసనేసింది" అంది, అంతే.
నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది,
ఆ ఎర్రసిరా నాకూ అంటుకుంటుందని.

రెండువందల అడుగులు.
దీపాలు కనపడాలి. కనపడలేదు.
అద్దానికి అవతల విరిగిన పాలు.
"గో అరౌండ్" అన్నాను. అనడం వచ్చు.
చెయ్యడం,
రెండు ఇంజన్లతో, చేత్తో, చీకట్లో,
చివరిసారి ఎప్పుడు చేశానో గుర్తురాలేదు.
ఆ పాఠం రెండున్నర గంటల్లో పట్టలేదు.
ముక్కు లేస్తోంది, ఇంకా లేస్తోంది,
వేగం మెట్లు దిగుతోంది,
అవి ఎవరి అంకెలో అన్నట్టు
చూస్తూ ఉన్నాను.
ఆవిడ అరవలేదు.
"అన్సిస్, ముక్కు దించు."
తలుపు వెయ్యి అన్నంత మామూలుగా.
అప్పటికే ఆ చెయ్యి కంట్రోలు మీద ఉంది.

ఆ చెయ్యి ఎక్కడ తయారైందో నాకు తెలుసు.
సమష్టి పొలాలమీద మందు చల్లే పాత విమానాల్లో,
కరెంటు తీగల కిందనుంచి దూరుతూ.
అలాంటి చేతుల్ని మా ఆఫీసులో
ఖరీదైన చేతులంటారు.

కౌనాస్‌ని అడిగాం. అక్కడా పొగమంచే.
గోరుచుట్టు మీద రోకటిపోటు.
టాలిన్ తెరిచి ఉంది.
లెక్క వేశాను. మళ్లీ వేశాను.
మూడోసారి, ఆ ఆరువందలూ లేకుండా వేశాను.
ఆ లెక్కలో చక్రాలు నేల తాకేసరికి
ట్యాంకుల్లో మిగిలిందెంతో
ఇక్కడ రాయను.

టాలిన్‌లో దిగాం. ఏమీ జరగలేదు.
డెబ్బై ఒక్కమంది తిట్టుకుంటూ దిగారు.
బస్సులో నాలుగున్నర గంటలా అంటూ
ఒకాయన నా మొహంమీద టికెట్టు ఊపాడు.
ఒక పాప నిద్రలోనే దిగింది,
తండ్రి భుజంమీద చొంగ కారుస్తూ.

ఆవిడ సంచిలోంచి నల్లరొట్టె,
ఉడికించిన గుడ్లు రెండు తీసింది.
పెంకు ఒలుస్తుంటే నా వేళ్లు వణికాయి.
చూసీ చూడనట్టు
ఉప్పు పొట్లం విప్పింది.

నెలాఖరుకి కొత్త పట్టిక వచ్చింది.
బస్సులు, హోటలు, ల్యాండింగు రుసుము
ప్రతి యూరో ఆవిడ పేరుకెదురుగా ఉంది.
లెక్కలవాళ్లు చెడ్డవాళ్లేం కారు.
కళ్లకు కనపడేవే కూడతారు.
ఆ పాప మర్నాడు బడికెళ్లిందని
ఏ వరసలో కూడతారు?

మార్చిలో ఆవిడకు అరవై అయిదు.
సీటు ఖాళీ అవుతుంది, గోడమీద
ఎరుపు ఒక గీత పైకి జరుగుతుంది.

కాగితంమీద అంకె కొట్టేసే హక్కు
కుడివైపువాడికి లేదు.
కానీ ఈమధ్య పొద్దున్నే
రన్‌వే పక్క గడ్డి దగ్గర ఆగి
గాలి పీల్చి చూస్తున్నాను.
ఇప్పటికైతే డీజిలు వాసన తప్ప
ఏమీ తెలియడం లేదు.