చెయ్యెత్తితే ఆగే రైలు

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు తర్వాత
మొదటిసారి రైలుకి డబ్బులిచ్చి టికెట్ కొన్నాను,
స్కాట్లండులో, ఇన్వర్‌నెస్ స్టేషన్లో.
జేబులో పాసు లేకుండా పెట్టె ఎక్కుతుంటే
దొంగతనంగా దూరినట్టుంది.

మంగతాయారు ముందుకి చూసే సీట్లో కూచుంది.
నేను ఎదురుగా, వెనక్కి చూసే దాంట్లో.
"కళ్ళు తిరుగుతాయి, ఇటు రండి" అంది.
ఏం చెప్పను?
గూడ్సు గార్డుకి ఊళ్ళన్నీ వెళ్ళిపోతూనే కనబడతాయి.
ఏదీ ఎదురు రావడం నేను చూడలేదు.
కాజీపేట నుంచి బల్లార్షా దాకా
యాభై ఎనిమిది బొగ్గు పెట్టెల అవతల ఎక్కడో ఇంజను,
ఇవతల ఫ్యానూ దీపమూ లేని బ్రేకు వ్యానులో
నేనూ, నా క్యారియరూ,
రెండు పట్టాలు సన్నబడి ఒకటైపోయే చోటూ.

ఇది రెండే పెట్టెల బండి.
లెక్క మొదలెట్టేలోపే అయిపోయింది.

డింగ్‌వాల్ దాటాక ఒంటి లైను.
గొర్రెలు తడుస్తున్నాయి, అదేం పెద్ద సంగతి కానట్టు.
ఇక్కడ వాన వచ్చి పడదు,
ఉన్నచోటే ఉంటుంది,
మనమే అందులోకి వెళ్ళి బయటికొస్తాం.
తాయారు అద్దం తుడిచి తుడిచి కొంగు తడుపుకుంది.
అచనాల్ట్, అచ్‌నషీన్, అచ్‌నషెల్లక్...
పలకల మీది పేర్లు కూడబలుక్కుని
"ఈ ఊళ్ళు తలుచుకుంటేనే తుమ్మొస్తోంది" అంది.

అచనాల్ట్‌లో ఒక్కడే మనిషి, ఒక కుక్క.
ప్లాట్‌ఫారం మీంచి చెయ్యెత్తాడు.
బండి ఆగింది!
మన ఆర్టీసీ బస్సు కూడా అంత మర్యాదగా ఆగదు.
నా బతుకంతా నేను చెయ్యెత్తితే బండి కదిలేది.
ఇతనెత్తితే నిలబడింది.
కుక్క ఒళ్ళు విదిలించుకునేదాకా ఓపిక పట్టి
గార్డమ్మాయి తలుపులు మూసి మీట నొక్కింది.
ట్రింగ్, ట్రింగ్.
నా వెన్ను దానంతటదే నిటారైంది.
మా రూల్సు పుస్తకంలోనూ అంతే, రెండు గంటలు,
'పద' అన్న రెండక్షరాల్లా.

అచ్‌నషీన్‌లో ఎదురు బండి కోసం ఆగాం.
ఆలస్యానికి మన్నించమని మైకులో వేడుకున్నారు,
నాలుగు నిమిషాలకి!
నవ్వొచ్చింది.
మాకుడి లూపు లైన్లో నన్ను
పదకొండు గంటలు నిలబెట్టేశారు ఓసారి,
ఎవరూ మన్నించమనలేదు.
చిన్నదాని పురుటికి అందలేదని
నేనూ ఎవర్నీ అడగలేదు.

పైకే అన్నట్టున్నాను.
తాయారు అద్దం తుడవడం ఆపింది.
చాలాసేపు గొర్రెల్ని చూసింది.
"ఆ రోజు మాకుడిలో ఏం తిన్నారు?" అంది.
"అటుకులు."
"ఉత్తవా?"
"స్టేషను మాస్టరు బెల్లం ముక్క ఇచ్చాడు."
తలూపింది,
ముప్ఫయ్యొక్క ఏళ్ళ లెక్కలో ఏదో ఒక అంకె
ఇప్పటికి సరిపోయినట్టు.
సంచీ విప్పి, ఉప్పు తక్కువ చిప్సు మీద
కరివేపాకు పొడి జల్లి
పొట్లం నా వైపు తోసింది.

కైల్‌లో పట్టాలు అయిపోయాయి.
తర్వాత నీళ్ళు, నీళ్ళ అవతల దీవి, దీవి మీద మబ్బు.
అందరూ సముద్రం వైపు నడిస్తే
నా కాళ్ళు బండి చివరికి నడిచాయి.
ఎర్ర దీపం వెలుగుతోందా లేదా
చూడకుండా నేనే స్టేషనూ వదల్లేదు.
వెలుగుతోంది.
చూస్తుండగానే ఆరి, తెల్లగా వెలిగింది.
తిరుగు ప్రయాణానికి ఈ చివరే మొదలట.
ఒక్క అడుగూ కదలకుండా.

ఎక్కేసరికి నా సీట్లో తాయారుంది.
"ఈసారి మీరటు కూచోండి.
అన్నేళ్ళు ఏం చూశారో నేనూ చూస్తాను."
ప్లాక్టన్ రాకముందే నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి.

నా మీదికి కొండలు వస్తున్నాయి,
ఒకదాని వెనక ఒకటి, తడిగా, పేర్లు తెలియనివి.
ఎక్కడ చూడాలో తెలియక
ఆమెకేసి చూస్తూ కూచున్నాను.