తడవని గొడుగు

తోతాపురి లారీలు చిత్తూరు నుంచి బంగారుపాళెం రోడ్డున
రెండు మైళ్ళ పొడవునా నిలబడిన నెల అది.
గుజ్జు ఫ్యాక్టరీలో నా పని టిన్ను మూత మీద తేదీ కొట్టడం.
తయారైన రోజు, చెడిపోయే రోజు.
నడుమ పద్దెనిమిది నెలలు.
నా చేతికింద వేలెడు దూరం.

శుక్రవారం రాత్రి సీరియల్లో పోస్టుమాస్టరు మాయమైనాడు.
జోరు వాన. గొడుగు తీసుకుని వెనక తలుపు తెరిచినాడు, అంతే.
పదకొండేళ్ళకి అదే తలుపులోంచి వచ్చినాడు,
అదే చొక్కా, అరగని అవే చెప్పులు,
బయట అదే వాన.
గొడుగు మాత్రం తడవలేదు.

ఆ గొడుగు మా లైన్లో పది రోజులు తిరిగింది.

టెంకలు తీసే కాడ కుప్పమ్మ అనింది:
"తలుపుకి అటుపక్క పదకొండేళ్ళు ఉండాయి మే.
ఒక్క అడుగు. చినుకు పడేలోగా దాటేసినాడు."
గుల్జార్ ఒప్పుకోలేదు.
చేతుల నిండా గుజ్జు, మోచేత్తో ముక్కు తుడుచుకుని
"స్టాంపులు కొనేదానికి వస్తాదే ముసలామె, ఆమె ఎవురనుకున్నావు?
ఆయన కూతురే. మొదటి వారంలో బిడ్డ ఎడమ చెవి గోక్కుంటాది.
ముసలామెదీ అదే చెవి."
నాయన కంటే పెద్దదైపోయిన కూతురు
కౌంటరుకి ఇవతల నిలబడి చిల్లర లెక్కపెడతా ఉండాదని తలుచుకుంటే
బాయిలరు పక్కనే నాకు వణుకు వచ్చింది.

బాయిలరు చెంగల్రాయులు నవ్వినాడు.
"కాలమూ లేదు గీలమూ లేదు.
ఆ పొద్దు గొడుగు తడిపేదానికి నీళ్ళ ట్యాంకరు రాలేదు, అంతే."
ఆయన్ని వారం రోజులు మేము టీకి పిలవలేదు.

నా లెక్క వేరే. ఎవురికీ చెప్పలేదు అప్పటికి.
ఆ జాబు మీది ముద్ర ఒక్క రెప్పపాటు చూపించినారు.
తేదీలో చివరి అంకె ఆరు కాదు, ఏడు కాదు.
మిగతావాళ్ళు చూసినా మసక అనుకునుంటారు.
నాకు తెలుసు అది ఏందో.
రాత్రి షిఫ్టులో పన్నెండు కొట్టంగానే
చక్రాన్ని ఒక పన్ను తిప్పాలి నేను.
సరిగ్గా పడకపోతే పోయే అంకె నడుము, వచ్చే అంకె పాదం
రెండూ కలిసి అచ్చవుతాయి.
ఆ సగం టక్కులో ఇవాళా లేదు, రేపూ లేదు.
ఆయన ఆడ ఇరుక్కున్నాడు.
వాన ఆడ పడదు.

అట్లా అచ్చైన టిన్ను ఒకటి సూపర్‌వైజరు పక్కన పారేస్తే
అడిగి ఇంటికి తెచ్చుకున్నా.
పప్పు డబ్బాల నడుమ ఉండాది.
మా ఆయన తెరవమంటాడు, పాయసంలో పోద్దామంటాడు.
ఎప్పుడు చెడిపోతాదో రాయని దాన్ని
ఎప్పుడని తెరిచేది?

చెప్దామనుకున్న రోజే ఆఖరి లారీ వచ్చేసింది.
లైను కడిగేసినారు.
టోపీలు, గ్లౌజులు లెక్క అప్పజెప్పి
కుప్పమ్మ యాదమరికి, గుల్జార్ మురకంబట్టుకి,
నేను గుడిపాల బస్సుకి.
ఫోన్ నెంబర్లు ఉండాయి. చేయలేదు.
ఫోన్లో అడిగే మాటా అది?
చెనక్కాయలు, చెరుకు, ఇటుకలు, ఒక కాన్పు,
ఒక చావు. సీరియలు కూడా నిలిపేసినారు,
పోస్టుమాస్టరు మళ్ళీ తలుపు మీద చెయ్యి వేసినప్పుడే.

మళ్ళీ మామిడి. గేటు కాడ, తూకం బండ ముందర
కొత్త టోపీ సరిజేసుకుంటా కుప్పమ్మ.
టోపీ కింద తెల్ల వెంట్రుకలు, పోయినేడు లేనివి.
బాగుండావా అనలేదు. మనవరాలి సంగతి నేనూ అడగలేదు.
"కాదు మే," అనింది,
"గొడుగు తడవలేదు, సరే. చెప్పులకి బురద ఉండిందా, లేదా?"

గుల్జార్ వచ్చేంతవరకూ ఆగాలనిపించింది.
ఆగలేదు.
"ఉండింది," అన్నా. "ఎడమ చెప్పుకి."