జెండాకొయ్యకు మేజోడు

మా నాన్న ఓయివా
దేశం గురించి ఎప్పుడూ మాట్లాడడు.
రేవులో పుచ్చిన పలకలు మారుస్తాడు,
ఆవిరిగదికి బిర్చి కట్టెలు చీలుస్తాడు,
ఏడాదికోసారి, నడివేసవి పండుగకు ముందురోజు,
ఉతికిన చొక్కా తొడుక్కుని
సాయంత్రం సరిగ్గా ఆరింటికి జెండా ఎగరేస్తాడు.

ఆ ఒక్క రాత్రీ మా ఫిన్లాండ్‌లో దాన్ని దించరు.
దించడానికి రాత్రంటూ రావాలిగా.

నేల తాకకూడదు.
తడిస్తే ఆరేదాకా మడవకూడదు.
ఈ సంగతులు మాకు
ఎక్కాలకంటే ముందే నోటికొచ్చాయి.

కుక్క మాత్రం కొత్తది.
రుమేనియా వీధుల్లోంచి లారీలో వచ్చింది,
నల్లగా, ఒక చెవి సగమే.
మా తూరే దానికి ముస్తిక్కా అని పేరు పెట్టాడు,
అడవిలో వేళ్లూ నాలుకా నీలం చేసే పండు పేరు.
"మన దేశానికంటూ ఎర్రకుక్క ఒకటుండగా..."
అని నాన్న గొణిగాడు మొదటిరోజు.
రెండోరోజు, సాసేజి కోస్తూ కోస్తూ
చివరి ముక్క చేతిలోంచి జారిపోయినట్టు జారవిడిచాడు.

ఆ సాయంత్రం
పొయ్యి మీద కొత్త బంగాళదుంపలు, సోయికూర వాసన.
తూరే మోకాళ్ల నిండా దోమకాట్లు.
జెండా సగం దాకా లేచింది.
సరస్సు మీంచి గాలి.
తాడు కొయ్యకేసి కొట్టుకుంది,
టక్. టక్. టక్.

ఆ చప్పుడు దానికి ఏ సందులోదో,
ఎవరి చేతిదో.
చూస్తే ముస్తిక్కా లేదు.

నాన్న తాడును ఉన్నచోటే ముడేసి
చెట్లలోకి ఉరికాడు, ఉతికిన చొక్కాతో.
నేనొక వైపు, తూరే ఒక వైపు.
దుంపలు అడుగంటాయి.

అవతలి గట్టున లెంపి
కాఫీ కప్పు మీంచి తలెత్తి చూసింది.
సగం కొయ్యన జెండా.
మా ఇంట్లో అది సగంలో ఆగడం
అమ్మ పోయినప్పుడు చూసిందావిడ.
ఇక మిగిలిందెవరో లెక్కపెట్టడానికి
ఎంతసేపు?

డెబ్బై ఆరేళ్ల మనిషి
స్వెట్టర్ తిరగేసి తొడుక్కుని
తెడ్లు విరిగేలా వేసుకుంటూ వచ్చింది.
ఒడ్డున బోర్లించిన పాత పడవ.
దాని కిందనుంచి రెండు కాళ్లు.
నాన్న బూట్లు.
కదలడం లేదు.

"ఓయివా!"

అంత గొంతు ఆవిడకుందని
సరస్సుక్కూడా తెలియదు.

"అరవకు," అంది పడవ లోపలినుంచి,
"ఇప్పుడే నా చెయ్యి వాసన చూస్తోంది."

తర్వాత వెనక్కి వెనక్కి పాక్కుంటూ వచ్చాడు,
జుట్టు నిండా సాలెగూడు, చొక్కా నిండా తారు,
చంకలో వణుకుతూ సగం చెవి.
లెంపి గడ్డిలో కూలబడి
"చచ్చావనుకున్నానయ్యా ముసలోడా" అంది,
ఇంకా చాలా అంది, అవి రాయను.

నాన్న తలెత్తి జెండా చూశాడు.
మెడ దాకా ఎర్రబడ్డాడు.
గట్టు గట్టంతా చూసి ఉంటుంది.

కుక్కను తూరే ఒళ్లో పెట్టి
తాడు కొయ్యకు తగలకుండా ఒక చేత్తో ఆపుతూ
మెల్లగా, చాలా మెల్లగా లాగాడు.
నీలం శిలువ పైకంటా వెళ్లింది.
అప్పుడు మెట్టు మీద కూర్చుని
కుడి బూటు విప్పి, మేజోడు విప్పి,
బూడిదరంగు ఉన్ని మేజోడు, మడమ దగ్గర అమ్మ కుట్టిన కుట్టు,
తాడుకూ కొయ్యకూ నడుమ చుట్టి బిగించాడు.
గాలి వచ్చింది. చప్పుడు లేదు.

"తాతా, ఇలా కట్టొచ్చా? పద్ధతేనా?"
"ఇవాళ్టినుంచి."

పదకొండైనా పొద్దు పోలేదు.
లెంపి ఇంటికి పోలేదు,
మాడిన దుంపల్నే వెన్నతో తింటోంది.
ముస్తిక్కా వచ్చి
నాన్న బోసిపాదం మీద గడ్డం ఆనించి
నిద్రపోయింది.
దోమలు ఆ కాలిని తినేస్తున్నాయి.
నాన్న కదపలేదు.