చూ.

మదింపు పత్రం నా ముందుంది.
పేరు: హోదన్. శిక్షణ: ఆరు నెలలు.
ఒక్కో నైపుణ్యానికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలట.
బయట బెర్గెన్ వాన,
గుమ్మం దగ్గర గొడుగుల కింద చిన్న మడుగు.

వెన్ను విరిగిన పుస్తకాన్ని అతకడం. నేనే నేర్పాను.
కుంచెకి జిగురు తక్కువ, చేతికి ఓపిక ఎక్కువ,
తెల్లారేదాకా పైన బరువు పెట్టి
మధ్యలో తీసి చూడకూడదు.
నాలుగు.

పాతవాటిని ఏరి తీసెయ్యడం. రెండు.
తొమ్మిదేళ్లుగా ఎవరూ ముట్టని పడవ ఇంజిన్ల పుస్తకాన్ని
సొరుగులో దాస్తుంటే రెండుసార్లు పట్టుకున్నాను.
మూడోసారి చూడనట్టు ఊరుకున్నాను.
ఆ శనివారమే ఒక జాలరి తడిసిన టోపీతో వచ్చి
సరిగ్గా దాన్నే అడిగాడు.
రెండుని కొట్టేసి మూడు.

బోధన.
టోర్‌గ్రిమ్‌కి డెబ్బై ఆరేళ్లు. పింఛను దరఖాస్తు, తెర మీద.
నేనైతే మౌస్ లాక్కుని రెండు నిమిషాల్లో నింపేసేదాన్ని,
ప్రతి నెలా అలాగే నింపేదాన్ని.
హోదన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.
నలభై నిమిషాలు.
బాణం గుర్తు కోడిపిల్లలా తెరంతా పరిగెత్తింది.
ఆయన తిట్టాడు, నవ్వాడు, పట్టుకున్నాడు.
మళ్లీ నెల ఆయన రాలేదు.
రాకపోవడానికి మార్కులు ఏ గడిలో వెయ్యాలి?

ఇక ఫిబ్రవరి సంగతి.
ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గరికొచ్చి పేరు చెప్పింది: హలీమో.
హెచ్ కింద వెతికాను. లేదు.
ఇంటిపేరు అడిగాను. తండ్రి పేరు చెప్పింది, ఆపైన తాత పేరు.
వెనక వరుస పెరుగుతోంది.
చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, గట్టిగా, ముక్కలు ముక్కలుగా
"మీకు. ఇక్కడ. కార్డు. లేదు" అన్నాను.
తెలిసిన వార్తే అన్నట్టు తలూపి వెనుదిరిగింది.

పుస్తకాల బండి వదిలేసి హోదన్ పరుగున వచ్చింది.
"ఎక్స్ కింద చూడండి.
గొంతు లోతులోంచి వచ్చే ఆ 'హ'ని
మా సొమాలీ రాతలో ఎక్స్‌తో రాస్తాం."

ఉంది.
నాలుగేళ్లుగా ఉంది. మనవరాలు చేర్పించింది.
ఒక్క పుస్తకం తీసుకోలేదు, ఒక్క పాట తీసుకోలేదు.
వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు
నువ్వు లేవని చెప్పి పంపారు.
అందులో ఎన్నిసార్లు నేనో
కంప్యూటర్ చెప్పదు.

ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసు నాది.
ఆకుపచ్చ అట్ట, మూడో అర, ఎడమ పక్క అంటే
కళ్లు మూసుకుని తెచ్చిస్తాను.
నా ఇంటిపేరు మొదటి అక్షరం
అడ్డగీత కొట్టిన సున్నాలా ఉంటుంది.
ఒకసారి లిస్బన్ సదస్సులో నా పేరుబిళ్ల మీద
ఆ గీత ఎగరగొట్టేశారు.
రెండు రోజులు భోజనం సహించలేదు నాకు.

హలీమో చదవదు. వింటుంది.
హోదన్ చెవులకి తొడిగిన పెట్టెలోంచి ఏ కవిగొంతు విందో
పంక్తి చివర్లో తనూ గొంతు కలిపింది, హాలంతా మోగేలా.
పెదవుల మీదికి బయల్దేరిన నా చూపుడువేలు
దారి మార్చుకుని ముక్కు గోక్కుంది.

మర్నాటికి కౌంటర్ అంచున చీటీలు:
హెచ్ దొరక్కపోతే, చూ. ఎక్స్.
ఏ దొరక్కపోతే, చూ. సీ.
కంప్యూటర్‌కి ఆ సంగతి ఎక్కడానికి మూడు వారాలు పట్టింది.
అట్టడుగు అర మీది 'ఇతర భాషలు' పలక మాత్రం
ఇంకా అలాగే ఉంది, నా చేతిరాతే.
"ఎవరికి ఇతర?" అని అడిగింది హోదన్.
కమిటీలో పెడతానన్నాను. పెట్టాను.
వాయిదా పడింది.

పత్రంలో చివరి గడి: శిక్షణ ఇచ్చినవారు.
నా పేరు రాశాను, గీతతో సహా.
పక్కనే చిన్నగా రాశాను:
చూ. హోదన్.

స్కానర్ అది చదవలేక రెండుసార్లు బయటికి తోసింది.
గొడుగు తీసుకుని
పెద్దాఫీసుకి నేనే పట్టుకెళ్లాను.